డబ్బు కోసం టీమ్ మారితే ద్రోహమా? హైదరాబాద్ ఫుట్‌బాల్ కలకత్తాకి ఎలా వెళ్లిపోయింది

ఇవాళ ఎపిసోడ్ ఒక అమెరికా వార్తతో మొదలుపెట్టి, హైదరాబాద్ మీదుగా కలకత్తా వెళ్లి, చివరికి మన గుంటూరు మిర్చి పొలంలో ఆగుతాం. కొంచెం ఓపిగ్గా వినండి, లింక్ ఏంటో మీకే అర్థమవుతుంది.

2025 జూలైలో గావిన్ మెకెన్నా అని పదిహేడేళ్ల కెనడా కుర్రాడు, ఐస్ హాకీ ఆడేవాడు, అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీలో చేరుతున్నానని ప్రకటించాడు. చదువుకోడానికి పిల్లలు అమెరికా వెళ్లడం మనకి కొత్తేం కాదు. కాకపోతే మనం వెళ్తే ఫీజు మనం కడతాం, లోన్ నాన్న పేరు మీద ఉంటుంది. ఇక్కడ రివర్స్. ఆ కుర్రాడికే ఏడాదికి సుమారు 7 లక్షల డాలర్లు వస్తాయని వార్తలొచ్చాయి. మన లెక్కలో దాదాపు 6 కోట్లు.

కొన్నేళ్ల క్రితం ఇది కుదిరేదే కాదు. అమెరికా కాలేజీ స్పోర్ట్స్‌ని నడిపే ఎన్‌సీఏఏ రూల్ ప్రకారం కాలేజీ ప్లేయర్ డబ్బు తీసుకోకూడదు. కెనడా జూనియర్ లీగ్‌లో ఆడితే చాలు, నువ్వు ప్రొఫెషనల్‌వి, మా కాలేజీలో ఆడటానికి వీల్లేదు అనేవాళ్లు. 2021లో ప్లేయర్ తన పేరు, ఫోటో మీద యాడ్స్ చేసుకుని సంపాదించుకోవచ్చు అన్నారు. 2025 ఆగస్టు నుంచి కెనడా జూనియర్ ప్లేయర్లకి గేట్ తెరిచారు. అదే ఏడాది కాలేజీలే నేరుగా ప్లేయర్లకి డబ్బులిచ్చేలా కోర్టు సెటిల్‌మెంట్ అయింది. దానికి తోడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉండనే ఉంది. ఈ కాలేజీ నచ్చకపోతే పోర్టల్‌లో పేరు పెట్టుకో, ఎవరు మంచి ఆఫర్ ఇస్తే అక్కడికి వెళ్లు.

ఇప్పుడు అక్కడి ఫ్యాన్స్ గోల ఏంటంటే, లాయల్టీ చచ్చిపోయింది, పిల్లలు డబ్బు మనుషులైపోయారు అని.

నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను. అక్కడ కంపెనీ మారడాన్ని స్విచ్ అంటాం. హైక్ ఎంత అని అడుగుతారు. పార్టీ ఎప్పుడు అని అడుగుతారు. ద్రోహి అని ఎవరూ అనరు. మరి అదే పని ఆటగాడు చేస్తే ఎందుకు తిడతాం? ఈ ప్రశ్నకి సమాధానం కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. ఇదే కథ మన హైదరాబాద్‌లో 70 ఏళ్ల కిందటే నడిచింది. హాకీ కాదు, ఫుట్‌బాల్. అక్కడ కాలేజీ ఉన్న చోట మన దగ్గర పోలీస్ డిపార్ట్‌మెంట్ ఉంది. అంతే తేడా.

స్కూల్ మాస్టారు కట్టిన టీమ్

సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన మైదాన్ సినిమా చూసినవాళ్లకి ఈ పేరు తెలిసే ఉంటుంది. 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు, వృత్తి స్కూల్ టీచర్. అందరూ రహీం సాబ్ అనేవాళ్లు. 1950 నుంచి 1963లో చనిపోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కి కోచ్. ఇండియా టీమ్‌కి కూడా ఆయనే కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మళ్లీ బంగారం. ఇండియన్ ఫుట్‌బాల్‌లో మనం గొప్పగా చెప్పుకునేవన్నీ దాదాపు ఈ ఒక్క మనిషి చేతి మీదుగా వచ్చినవే.

సిటీ పోలీస్ టీమ్ సంగతి చూద్దాం. అప్పట్లో బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచారు. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించారు. 1956-57లో, ఆ తర్వాతి ఏడాది కూడా సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే. ఐదేళ్లు వరసగా ఒకే కప్పు అంటే మామూలు విషయం కాదు బాసూ.

మరి ఈ టీమ్ ఆర్థికంగా ఎలా నడిచేది? సింపుల్. కుర్రాడు బాగా ఆడితే పోలీస్ ఉద్యోగం ఇస్తారు. నెల జీతం వస్తుంది, ప్రాక్టీస్‌కి టైమ్ ఇస్తారు. ఆ రోజుల్లో హైదరాబాద్, సికింద్రాబాద్ బస్తీల్లో పుట్టిన పిల్లాడికి గవర్నమెంట్ ఉద్యోగం అంటే ఇల్లు నిలబడినట్టే. ఈరోజు మనం స్పోర్ట్స్ కోటా అంటున్నామే, అదే. ఆట బాగా ఆడితే ఉద్యోగం, ఉద్యోగం ఉంటే ఆట.

కానీ ఈ మోడల్‌కి ఒక లిమిట్ ఉంది. నువ్వు ఎంత గొప్పగా ఆడినా నీ జీతం నీ పోస్టుని బట్టే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఫిక్స్‌డ్ పే ఉంది, వేరియబుల్ లేదు. ఒలింపిక్స్ ఆడొచ్చిన కానిస్టేబుల్ కూడా కానిస్టేబులే.

కలకత్తాలో ఆ డబ్బు ఎక్కడిది?

అదే టైమ్‌లో కలకత్తాలో సీన్ వేరు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగ్, మూడు పెద్ద క్లబ్బులు. వేలల్లో మెంబర్లు, మ్యాచ్ రోజు టికెట్ల కలెక్షన్, చందాలిచ్చే వ్యాపారస్తులు, వీటన్నిటికీ మించి అభిమానుల పిచ్చి. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా పర్లేదు, మా క్లబ్ గెలవాలి అనే పిచ్చి.

బయటి ఊళ్ల నుంచి ప్లేయర్లని తెచ్చుకోవడం అక్కడ ఎప్పుడో మొదలైంది. మొహమ్మడన్ స్పోర్టింగ్ 1934 నుంచి 1938 దాకా వరసగా ఐదుసార్లు కలకత్తా లీగ్ గెలిచింది. దేశం నలుమూలల నుంచి, ముఖ్యంగా బెంగళూరు వైపు నుంచి ఆటగాళ్లని తెచ్చుకుని గెలిచింది. ఆ తర్వాత ఈస్ట్ బెంగాల్ అదే రూట్ పట్టింది. వాళ్ల సెక్రటరీ జ్యోతిష్ చంద్ర గుహ దక్షిణాది మీద కన్నేశాడు. 1949 నుంచి 1951 దాకా ఈస్ట్ బెంగాల్ వరసగా మూడేళ్లు ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది. అప్పటి వాళ్ల ఫార్వర్డ్ లైన్‌ని జనం పంచ పాండవులు అని పిలిచేవాళ్లు. ఎవరయ్యా ఆ ఐదుగురు? వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఆ పేర్లు ఒకసారి మళ్లీ చదవండి. క్లబ్ పేరులో బెంగాల్ ఉంది కానీ గోల్స్ కొట్టే కాళ్లు ఎక్కువగా దక్షిణాదివే.

ఇక్కడ ఒక తమాషా ఉంది. కాగితం మీద అప్పుడు అందరూ అమెచ్యూర్లే. అంటే డబ్బు కోసం ఆడనివాళ్లు. జీతం అని రాయడానికి లేదు. అందుకని కస్టమ్స్‌లోనో, పోర్టులోనో, రైల్వేలోనో ఉద్యోగం ఇప్పించేవాళ్లు. మిగతాది చేతికి ఇచ్చేవాళ్లు. అందరికీ తెలుసు, కానీ ఏ పుస్తకంలోనూ ఉండదు. అమెరికా కాలేజీల్లో కూడా మొన్నటిదాకా ఇదే నాటకం. బయటికి అమెచ్యూర్, లోపల బూస్టర్ల డబ్బు. డబ్బుని బ్యాన్ చేస్తే డబ్బు ఆగదు, లెక్కలోకి రాకుండా పోతుంది. నష్టపోయేది ఎవరు? చేతిలో అగ్రిమెంట్ కాగితం లేని ప్లేయర్.

కలకత్తాలో ఏటా సీజన్ ముందు ట్రాన్స్‌ఫర్ టైమ్ ఉండేది. బెంగాలీలో దల్‌బదల్ అంటారు, అంటే జట్టు మారడం. ప్లేయర్ స్వయంగా ఐఎఫ్ఏ ఆఫీసుకి వెళ్లి సంతకం పెట్టాలి. అందుకని సంతకం రోజు దాకా ప్లేయర్ని అవతలి క్లబ్బు ఎత్తుకుపోకుండా ఆఫీసర్లు దాచిపెట్టేవాళ్లు. హోటల్లోనో, ఎవరి ఇంట్లోనో, ఊరి బయటో. ఎలక్షన్ ముందు ఎంపీటీసీలని క్యాంపుకి తీసుకెళ్తారు చూడండి, సేమ్ టు సేమ్.

బలరాం: అద్దె సైకిల్ నుంచి ఒలింపిక్స్ దాకా

ఇప్పుడు ఒక మనిషి దగ్గరికి వద్దాం. తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ. పేద ఇల్లు. రహీం సాబ్ అతని ఆట చూసి ప్రాక్టీస్‌కి రమ్మన్నాడు. అంత దూరం రావడానికి డబ్బుల్లేవు సార్ అన్నాడు కుర్రాడు. సైకిల్ అద్దెకి తెచ్చుకోమని రహీం సాబే డబ్బులిచ్చాడు. ఈ విషయం బలరామే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు.

ఆ అద్దె సైకిల్ మీద వచ్చిన కుర్రాడు 1956 ఒలింపిక్స్ ఆడాడు. ఆ వెంటనే 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోయాడు. 1961లో ఆ క్లబ్‌కి కెప్టెన్, ఆ ఏడాది కలకత్తా లీగ్‌లో టాప్ స్కోరర్. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం, ఈ ముగ్గురిని కలిపి ఇండియన్ ఫుట్‌బాల్ త్రిమూర్తులు అంటారు.

ఇప్పుడు చెప్పండి, బలరాం ద్రోహం చేశాడా? సైకిల్ అద్దె ఇచ్చిన ఊరిని వదిలేశాడు అనొచ్చు. కానీ వేరే వైపు నుంచి చూడండి. 1963లో ఈస్ట్ బెంగాల్ వదిలి బీఎన్ఆర్ అనే రైల్వే టీమ్‌కి వెళ్లాడు. కొద్ది కాలానికే ఊపిరితిత్తుల జబ్బు. 27 ఏళ్లకే ఆట ఆగిపోయింది. నా వయసు అది. మనకి 27 అంటే కెరీర్ ఇప్పుడే స్టార్ట్ అయినట్టు. ఆయనకి మొత్తం అయిపోయింది. ఆటగాడి సంపాదన టైమ్ ఎంత చిన్నదో ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. పదేళ్లు కూడా గ్యారంటీ లేని పనిలో ఉన్నవాడిని పట్టుకుని డబ్బు చూడొద్దు అని చెప్పడం, 60 ఏళ్లదాకా జీతం వచ్చేవాళ్లకి సులువే.

బలరాం మళ్లీ హైదరాబాద్ వచ్చి స్థిరపడలేదు. కలకత్తా దగ్గర ఉత్తరపాడాలోనే ఉండిపోయాడు. 2023 ఫిబ్రవరిలో చనిపోయాడు. మన తెలుగు ఛానెళ్లలో ఆ రోజు ఎంతసేపు చూపించారో మీరే గుర్తుచేసుకోండి.

హబీబ్: నా ఉద్యోగమే ఫుట్‌బాల్

రెండో మనిషి మహ్మద్ హబీబ్. 1949లో హైదరాబాద్‌లో పుట్టాడు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ టీమ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఫైనల్లో ఓడింది బెంగాల్. ఆ గెలిచిన టీమ్‌లో టీనేజ్ కుర్రాడు హబీబ్ ఉన్నాడు. తర్వాత ఏం జరిగుంటుందో మీరు ఊహించే ఉంటారు. 1966లో హబీబ్ ఈస్ట్ బెంగాల్ ప్లేయర్. 1969లో అదే హబీబ్ బెంగాల్ తరఫున సంతోష్ ట్రోఫీ ఆడాడు, ఫైనల్లో ఐదు గోల్స్ కొట్టాడు. నిన్ను ఓడించినవాణ్ణి నువ్వే కొనేసుకో, ఇదీ కలకత్తా లాజిక్.

ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు హబీబ్ మూడు పెద్ద క్లబ్బుల మధ్య తిరుగుతూనే ఉన్నాడు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మళ్లీ ఈస్ట్ బెంగాల్, 1975లో మొహమ్మడన్, 1976లో మళ్లీ మోహన్ బగాన్. ఈ 1976 మార్పు వెనక కథ వినాలి. 1970 నుంచి 1975 దాకా ఆరుసార్లు వరసగా లీగ్ ఈస్ట్ బెంగాల్‌దే. 1975 షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్ని 5-0తో చిత్తు చేసింది. ఆ అవమానం తట్టుకోలేక మోహన్ బగాన్ ఏం చేసింది? అవతలి వాళ్ల కోచ్ పీకే బెనర్జీని తెచ్చుకుంది. హబీబ్‌ని, అతని తమ్ముడు అక్బర్‌ని తెచ్చుకుంది. 1976 డెర్బీ మొదలైన 17 సెకన్లకే అక్బర్ గోల్. ఆ ఏడాది లీగ్ చేతులు మారింది. 1977లో షీల్డ్, రోవర్స్, డ్యూరాండ్ మూడూ మోహన్ బగాన్‌కే. అదే ఏడాది సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో మ్యాచ్ 2-2. మోహన్ బగాన్ రెండు గోల్స్‌లో ఒకటి మన హబీబ్‌ది.

హబీబ్‌లో నాకు బాగా నచ్చిన విషయం వేరే ఉంది. ఆ తరం ఆటగాళ్లంతా బ్యాంకులోనో రైల్వేలోనో ఉద్యోగం పట్టుకునేవాళ్లు. హబీబ్ వద్దన్నాడు. నా ఉద్యోగం ఫుట్‌బాలే అని ఓపెన్‌గా నిలబడ్డాడు. అందుకే ఇండియాలో మొదటి నిజమైన ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ ఆయనే అని చాలామంది అంటారు. ఇన్నిసార్లు క్లబ్బులు మారినా కలకత్తా జనం ఆయన్ని బడే మియా అని నెత్తిన పెట్టుకున్నారు. ఎందుకంటే ఈ సీజన్ ఏ జెర్సీ వేసుకుంటే ఆ జెర్సీకి ప్రాణం పెట్టి ఆడేవాడు. లాయల్టీ అంటే ఒకే చోట ముప్పై ఏళ్లు కూర్చోవడం కాదు, తీసుకున్న డబ్బుకి నిజాయితీగా పనిచేయడం. కలకత్తా ఫ్యాన్‌కి ఈ విషయం అప్పుడే అర్థమైంది. 2023 ఆగస్టు 15న హబీబ్ హైదరాబాద్‌లో కన్నుమూశాడు.

అందరూ డబ్బు వైపే వెళ్లారా అంటే, లేదు. ఇందాక చెప్పిన పీకే బెనర్జీనే తీసుకోండి. ఆటగాడిగా ఉన్నప్పుడు పెద్ద క్లబ్బుల వైపు పోకుండా ఈస్టర్న్ రైల్వేలోనే ఉండిపోయాడు. 1958లో ఆ రైల్వే టీమ్ కలకత్తా లీగ్ గెలిచింది కూడా. ఒకాయన సెక్యూరిటీ ఎంచుకున్నాడు, ఇంకొకాయన మార్కెట్ ఎంచుకున్నాడు. రెండూ డబ్బు లెక్కలే. ఇంట్లో పరిస్థితిని బట్టి ఎవరి లెక్క వాళ్లది.

మరి హైదరాబాద్‌కి ఏం మిగిలింది?

బలరాం, హబీబ్, అక్బర్ ఒక్కళ్లే కాదు. హైదరాబాద్‌లో పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కలకత్తా మూడు పెద్ద క్లబ్బులకీ ఆడాడు. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన ఇండియా కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీనే, ఆయన పేరు కూడా కలకత్తాలోనే మోగింది. ఆ తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. ట్రాఫిక్ అంతా వన్ వే.

ఇక్కడ 1963లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయాడు. 1965-66 తర్వాత ఆంధ్రప్రదేశ్ మళ్లీ సంతోష్ ట్రోఫీ ముట్టుకోలేదు. ఆటగాళ్లు వెళ్లిపోవడం ఒక్కటే కారణం అంటే అది సగం నిజమే. గురువు పోయాడు, ఆయన స్థానంలో అలాంటివాడు రాలేదు, లోకల్ లీగ్‌లో డబ్బు లేదు, జనం క్రికెట్ వైపు మళ్లారు. ఇవన్నీ కలిశాయి.

చాలా ఏళ్ల తర్వాత 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిలో ఐఎస్ఎల్ కప్ కూడా గెలిచింది. హమ్మయ్య అనుకున్నాం. తర్వాతి సీజన్లలో జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కళ్లే వెళ్లిపోయారు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. అప్పట్లో ప్లేయర్లు వెళ్లారు, ఇప్పుడు క్లబ్బే వెళ్లిపోయింది.

నారు పోసినోడికి డబ్బులెవరిస్తారు?

ఇప్పుడు మన ఊరికి వద్దాం. నల్లపాడు చుట్టుపక్కల మిర్చి వేసే రైతుని అడగండి. పంట యార్డుకి తీసుకెళ్లినప్పుడు ఎక్కువ ధర ఇచ్చినవాడికే అమ్ముతాడు. పోయినేడాది కొన్న వ్యాపారికి కాకుండా ఇంకొకడికి అమ్మావు, ద్రోహివి అని ఎవరూ అనరు. అంటే ఎక్కువ ధర వచ్చే చోటికి వెళ్లడం తప్పు కాదు. ఇది మనందరికీ తెలుసు.

కానీ ఇంకో విషయం కూడా అదే రైతుకి తెలుసు. చాలామంది నారు సొంతంగా పోసుకోరు, నర్సరీలో కొంటారు. మొక్కకి ఇంత అని లెక్క కట్టి, డబ్బులిచ్చి తెచ్చుకుంటారు. పంట రేపు ఎంత పలికినా, నర్సరీవాడి కష్టం నర్సరీవాడికి ముందే ముట్టింది. అందుకే వచ్చే ఏడాది కూడా నర్సరీ ఉంటుంది, నారు ఉంటుంది.

హైదరాబాద్ యాభై ఏళ్లు నర్సరీ నడిపింది. రహీం సాబ్ సైకిల్ అద్దె జేబులోంచి ఇచ్చాడు. బస్తీ క్లబ్బులు బూట్లు ఇచ్చాయి, గ్రౌండ్ ఇచ్చాయి. కలకత్తా వచ్చి మొక్కలు పీక్కుపోయింది. నర్సరీకి ఏం కట్టింది? ఏమీ లేదు. అమెచ్యూర్ అన్నాక ట్రాన్స్‌ఫర్ ఫీజే లేదు కదా, ఇంక వాటా ఎక్కడిది?

ప్రపంచం ఈ సమస్యకి ఒక దారి కనిపెట్టింది. 2001లో ఫిఫా రూల్ పెట్టింది. కుర్రాడు ప్రొఫెషనల్ అయితే, 12 ఏళ్ల నుంచి 21 ఏళ్ల దాకా అతన్ని తయారుచేసిన క్లబ్బులకి ట్రైనింగ్ కాంపెన్సేషన్ ఇవ్వాలి. తర్వాత దేశాలు దాటి ట్రాన్స్‌ఫర్ జరిగితే ఆ ఫీజులో 5 శాతం పాత క్లబ్బులు పంచుకోవాలి. అంటే బిడ్డ వెళ్లొచ్చు, కానీ నారు డబ్బు కట్టి తీసుకెళ్లు. అలాంటిది 1957లో ఉండి ఉంటే, బలరాం వెళ్లిన డబ్బుతో ఇంకో పదిమంది బలరాంలకి సైకిళ్లు వచ్చేవి. మనం తిట్టాల్సింది వెళ్లిన కుర్రాణ్ణి కాదు, వెనక్కి రూపాయి రాని సిస్టమ్‌ని.

ఇంకో ప్రమాదం కూడా ఉంది, ఆటగాడి వైపు నుంచి. మన గుంటూరులో పుట్టిన అంబటి రాయుడునే చూడండి. 2007లో ఇండియన్ క్రికెట్ లీగ్ వచ్చింది, డబ్బు బాగుంది, వెళ్లాడు. అది బీసీసీఐకి పోటీ లీగ్. వెళ్లినవాళ్లందరి మీదా బ్యాన్ పడింది. 2009లో క్షమాభిక్ష ఇచ్చేదాకా డొమెస్టిక్ క్రికెట్ లేదు. తర్వాత బరోడాకి మారి, మళ్లీ కష్టపడి ఇండియా టీమ్‌లోకి వచ్చాడు. కొనేవాడు ఒక్కడే ఉన్న యార్డులో రైతు పరిస్థితి ఏంటో, అప్పుడు ఆ ప్లేయర్ల పరిస్థితి అది. అదే 2023 ప్రో కబడ్డీ వేలంలో పవన్ సెహ్రావత్‌ని తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షలకి పైగా పెట్టి కొంది. పదిమంది కొనేవాళ్లు, లైవ్‌లో అందరి ముందూ వేలం, చేతిలో కాంట్రాక్ట్. ఎవరూ ఎవరినీ దాచిపెట్టక్కర్లేదు.

ఇది చూస్తున్నవాళ్లలో స్పోర్ట్స్ కోటా ఆఫర్లు వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటారు. ఫీజు మాఫీ, హాస్టల్ ఫ్రీ, మా కాలేజీ తరఫున ఆడు అని అడుగుతుంటారు. వెళ్లండి, తప్పేం లేదు. కానీ మూడు విషయాలు అడగండి. ఒకటి, ఇస్తామన్నది కాగితం మీద రాసిస్తారా? రెండు, గాయమైతే ఫీజు మాఫీ ఉంటుందా, పోతుందా? 27 ఏళ్లకి ఆగిపోయిన బలరాంని గుర్తుపెట్టుకోండి. మూడు, ఆట ఆగిపోతే చేతిలో ఏం మిగులుతుంది, డిగ్రీనా, ఉద్యోగమా, ఏమీ లేదా? ఈ మూడింటికీ నోటిమాట తప్ప సమాధానం లేకపోతే, అది ఆఫర్ కాదు.

ఇంకొక్క మాట. రేపు మీరు ఏదో ఒక పెద్ద టీమ్‌కి వెళ్లాక, మీకు మొదటి బంతి ఇచ్చిన పీఈటీ సార్ ఇంకా అదే గ్రౌండ్‌లో, అవే చిరిగిన నెట్లతో ఉంటాడు. ఫిఫా రూల్ ఆయనకి వర్తించదు. ఆ 5 శాతం సంగతి మీరే చూసుకోవాలి.

మీ ఊళ్లో అలాంటి సార్ ఎవరైనా ఉంటే, ఆయన దగ్గర ఏ ఆట నేర్చుకున్నారో కామెంట్స్‌లో రాయండి. తర్వాతి ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.